ఏడింటికి మూసే గేటు

మా వీధి చివరున్న గోడని శాంతి గోడ అంటారు.
ఎవరు పెట్టారో ఆ పేరు, చిన్నప్పుడు నవ్వొచ్చేది.
నా పెరటి మీద ఇనుప పంజరం,
అటునుంచి వచ్చే రాళ్ళు
గులాబీల మీద పడకుండా.
వాన మాత్రం రెండు వైపులా ఒకటే,
బెల్‌ఫాస్ట్ వాన, ఎవర్నీ అడగదు.

సాయంత్రం ఏడింటికి గేటు మూస్తారు.
గొళ్ళెం పడిన చప్పుడు వింటే
టీకి నీళ్ళు పెట్టే వేళయిందని గుర్తు నాకు.

ఫింటన్ నా తమ్ముడు. పందొమ్మిదేళ్ళు.
రొట్టె, పాలు, అమ్మకి తలనొప్పి మాత్రలు:
ఆస్పత్రివాళ్ళు కోటు తిరిగిచ్చినప్పుడు
చీటీ జేబులోనే ఉంది.
పాలు అన్న మాట మీద మరక.

తర్వాత పెద్దవాళ్ళు సంతకాలు చేశారు.
పేపర్లో ఫోటోలు వేశారు. తుపాకులు అప్పగించారట.
మంచిదే. కాల్పులు ఆగాయి.
అమ్మ మాత్రం ఆ రాత్రి కూడా
తలుపు గడియ రెండుసార్లు తడిమి చూసుకుంది.

నలభై ఆరేళ్ళు ఆ చీటీని
ప్రార్థన పుస్తకంలో దాచుకుని
శాంతి కోసం మోకరించాను.
నిజానికి నేనడిగింది నిద్ర.
ఇంకా నిజానికి,
గోడ అవతల ఎవడో ఒకడికి
నాలాగే నిద్ర లేకుండా పోవాలని.
దాన్ని కూడా శాంతి అనే అన్నాను దేవుడి దగ్గర.

ఈస్టరు తర్వాతి ఆదివారం
ఫాదర్ కోలమ్ ఆ ఘట్టమే చదివారు:
భయంతో తలుపులు బిగించుకున్న గది,
గడియ తీయకుండానే నడుమ వచ్చి నిలబడిన మనిషి.
సమాధానం కలగాలన్నాడు,
అంటూనే చేతులు చూపించాడు.
చావునే గెలిచి వచ్చినవాడికి
మేకుల గుర్తులు చెరుపుకోవడం ఒక లెక్కా?
చెరుపుకోలేదు.

ఆపైన ఒకరి చేయి ఒకరు పట్టుకునే వేళ.
వెనక బెంచీలోంచి ఒక చేయి ముందుకొచ్చింది.
మెర్విన్. ఆ రోజు కారు తోలింది ఇతనే.
జైలు నుంచి వచ్చాక అద్దాలు బిగించే పని,
పగిలిన మా వీధి కిటికీలకి కూడా.
వాళ్ళ చర్చి వాళ్ళకుండగా ఇటెందుకొచ్చాడు?
నా చేయి కోటు జేబులోంచి బయటికి రాలేదు.
అతని చేయి కాసేపు గాలిలో ఉండి
ఒళ్ళోని టోపీ దగ్గరికి వెనక్కి వెళ్ళింది.

ఇంటికొస్తూ దారంతా క్రీస్తుతో పోట్లాడాను.
నీకేం, నువ్వు మూడోనాడు లేచావు,
మా ఫింటన్ లేవలేదు అన్నాను.
ఆయన ఏమీ అనలేదు.
ఆయన అలవాటే అంత,
చేతులు చూపించి ఊరుకుంటాడు.

గురువారం బయల్దేరాను.
నేను చేరేసరికి ఏడు దాటింది.
"రేపు రామ్మా" అన్నాడు తాళాలతను.
రేపటికి ఈ కాళ్ళు నా మాట వినవు.
చుట్టూ తిరిగి రెండు మైళ్ళు,
గొడుగు తిరగబడింది, కుడి మోకాలు తిట్టింది.

తలుపు తీసి, పక్కకి తప్పుకోవడం మర్చిపోయాడు.
నేనే తోసుకుని వెళ్ళి చీటీ బల్ల మీద పెట్టాను.
చదివాడు. మళ్ళీ చదివాడు.
వేళ్ళ నిండా గాజు కోసిన గీతలు,
పాతవి, నిన్నటివి.

క్షమించానని నేననలేదు. నోరు రాలేదు.
క్షమించమని అతనూ అడగలేదు.
లేచి వెళ్ళి, అలమర తెరిచి, అక్కడే నిలబడి
పాలు లేవన్నాడు.
టీలోకి పాలు లేవు, పాలు లేవు అంటూ
అరవై దాటినవాడు
బడి పిల్లాడిలా ఏడ్చాడు.

నల్ల టీ. ఒకటే చేదు.
ఇద్దరం అడుగుదాకా తాగాం.

ఆ రాత్రి కూడా నాకు నిద్ర పట్టలేదు.
ఫింటన్ లేడు. గోడ ఉంది.
కానీ వేసిన గడియ వేసినట్టే ఉండగా
గదిలో ఎవరో నిలబడి ఉన్నారు.
భయం వేయలేదు.
దీపం కూడా వేయలేదు.

తెల్లవారి పాలు కొన్నాను.
రెండు సీసాలు.